దుర్ముష్ కొట్లో నీళ్ళు

"మా అన్నని ఎంతకమ్మావో ఇప్పటికైనా చెప్పు వదినా."

"మీ అన్నని కాదే. మీ అన్న ఆడే బొమ్మని."

"ఆ బొమ్మకీ ఆయన పేరేగా."

మనిషి పోయిన నలభయ్యో రోజు పంచే హల్వా దగ్గర మొదలైన గొడవ. ఏడాది దాటినా ఆడపడుచు గులిజార్ వదల్లేదు. నూర్హయాత్ టీ గ్లాసులు కడుగుతూనే ఉంది. బొమ్మనమ్మిన డబ్బు టీ పొడి డబ్బాలో అలాగే ఉంది. దాన్ని ముట్టుకోవడానికి ఆవిడకి చేతులు రాలేదు.

జోంగుల్‌దాక్ బొగ్గు గనిలో ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాక, ఆవిడ మొగుడు దుర్ముష్ హెడ్‌ఫోన్లు తగిలించుకుని టర్కీ సర్వర్లో ఆన్‌లైన్ కత్తుల ఆటలో పడ్డాడు. మెట్లెక్కలేని మనిషి, అక్కడ తన పేరున్న బొమ్మతో నలభై మందికి సర్దారు. పొద్దస్తమానం ఆ గదిలోంచి "ఒరే వెనక్కి రండి, నీళ్ళందించండి" అని అరుపులే.

పోయినప్పుడు ఆ ఆటవాళ్ళంతా వాళ్ళ బొమ్మల్ని ఆటలోని సంతలో వరసగా కూర్చోబెట్టి, "మా బాకీ మాఫీ" అని రాశారట. జనాజా దగ్గర ఇమాం "ఈయన బాకీ మాఫీ చేస్తారా" అని అడిగినప్పుడు నూర్హయాత్ కూడా అదే అంది. చచ్చినవాడి బాకీ బతికినవాళ్ళు మాఫీ చేస్తారు. బతికినవాళ్ళ బాకీ సంగతి చచ్చినవాణ్ణి ఎవరూ అడగరు.

తలుపు కొట్టారు. తున్జెర్. వీధి చివర ఇంటర్నెట్ కేఫ్ అతనిదే, బొమ్మని కొన్నదీ అతనే.

"పిన్నీ, ఒకసారి రా. నేను ఆ బొమ్మ పాస్‌వర్డ్ మార్చాను. నెల్లాళ్ళుగా దాన్ని తెరవనే లేదు. అయినా ఆయన సంతలో కొట్టు పెట్టుక్కూర్చున్నాడు."

"ఎవడో దొంగ అయ్యుంటాడు."

"దొంగయితే కత్తులమ్ముతాడు పిన్నీ. ఈయన నీళ్ళమ్ముతున్నాడు."

నూర్హయాత్ గ్లాసు కింద పెట్టేసింది. ఎందుకో తనకే తెలీదు, డబ్బా చంకన పెట్టుకుని బయల్దేరింది. గులిజార్ వెంటపడింది.

మధ్యాహ్నమే అయినా వీధంతా పొగమంచు, బొగ్గు కంపు. కేఫ్‌లో ఎవరూ లేరు. తెరమీద సంత కిటకిటలాడుతోంది. చివర ఫౌంటెన్ పక్కన దుర్ముష్ బొమ్మ తల వంచుక్కూర్చుంది. ముందర ఒకే ఒక్క నీళ్ళ సీసా. ఆ పక్కకి ఎవరూ రావడం లేదు.

"మాట కూడా వినిపిస్తోంది," అని తున్జెర్ హెడ్‌ఫోన్లు ఇచ్చాడు.

ముందు హోరు. తర్వాత దగ్గు... గని దగ్గు. ఆ దగ్గు ఆవిడకి తెలుసు.

"నూర్హయాత్... నీళ్ళు..."

ఆ ఆటలో ఆవిడ పేరు ఎవరికీ తెలీదు.

"ఏమంటున్నాడు?" గులిజార్ గుసగుసగా అడిగింది.

"ఏం లేదు. హోరు."

గులిజార్ లాక్కుని తను పెట్టుకుంది. వింది. మెల్లగా తీసేసింది.

"అన్న పోయిన రోజు కూడా ఇలాగే పిలిచాడా?"

నూర్హయాత్ నేలకేసి చూసింది. పిలిచాడు. మూడుసార్లు పిలిచాడు. ఆటవాళ్ళని అడుగుతున్నాడనుకుంది. కాదు, మూడోసారి పేరు పెట్టి పిలిచాడు. అప్పుడు తెలిసింది. తెలిసీ, చేతిలో పిండి ఉంది, వస్తాలే అనుకుంది.

"వదినా..."

"పిలిచాడే."

గులిజార్ హెడ్‌ఫోన్లు బల్లమీద పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

నూర్హయాత్ డబ్బా బల్లమీద పెట్టింది. "తున్జెర్, నీ డబ్బు నువ్వు తీసుకో. దాంతో ఆ నీళ్ళు కొనెయ్."

తున్జెర్ తెర వైపు తిరిగాడు.

"కొనేశారు పిన్నీ. ఇప్పుడే. కొట్టు మూసేశాడు."

"ఎవరు?"

"పేరు లేదు..."

ఆవిడ డబ్బా మూత తీసింది. నోట్లు లేవు. అడుగున వేలెడు నీళ్ళు. నల్లగా, బొగ్గు వాసనేస్తూ.

"ఎంతకి కొన్నారు?" అంది గులిజార్.

తున్జెర్ తెరమీది అంకె చూసి, నూర్హయాత్ మొహం చూసి, మెల్లగా చదివాడు.

"నేను పిన్నికిచ్చిందే. నాలుగు వేల ఏడు వందల యాభై."