సింహం మెట్టు తేనె

“మా ఆయన నోరు చేసుకుంటాడు గానీ విషం పెట్టే రకం కాదండీ! సాయంత్రం పోలీసులు పట్టుకెళ్తారట!” అంటూ పాస్టర్ భార్య డిటెక్టివ్ ఎదురుగా కూలబడింది.

పురాతన మతాల ప్రొఫెసర్ రాసిన కొత్త పుస్తకం ఈ గొడవకంతటికీ మూలం. తొలినాటి క్రైస్తవులు బాప్తిస్మం పొందినవాళ్లకు పాలూ తేనే ఇచ్చేవారు. అదే కాలంలో రోములో సూర్యదేవుణ్ణి కొలిచినవాళ్లు, దీక్షలో ‘సింహం’ అనే మెట్టెక్కే భక్తుడి చేతుల మీద తేనె పోసి, నాలుకకు రాసేవారు. రెండోదాన్ని చూసే మొదటిది పుట్టిందని ప్రొఫెసర్ వాదన. పోలిక ఉన్నంత మాత్రాన అరువు తెచ్చుకున్నట్టేనా అని పాస్టర్ వాదన.

కాలేజీలో పుస్తకావిష్కరణ రోజున ఇద్దరూ ఒకే వేదికెక్కారు. ఎందుకో చెప్పకుండా ప్రొఫెసర్ తెమ్మంటే, పాస్టర్ తన పెరటి తేనె ఒక సీసా తెచ్చాడు. ప్రొఫెసర్ బోర్డు నిండా రాసి, చేతులు చాచి పోయమన్నాడు. వేళ్లు నాకి, పది నిమిషాల్లో కుప్పకూలాడు. పుస్తకాల కట్ట విప్పనేలేదు. మూడో రోజు ఆసుపత్రిలో కళ్లు తెరవగానే ఆయన పాస్టర్ పేరే చెప్పాడు.

డిటెక్టివ్ తన అసిస్టెంటుతో కాలేజీకి వెళ్లాడు. పక్క గదుల బోర్డుల మీద పోయిన వారం లెక్కలు ఇంకా వేలాడుతున్నాయి. ఆవిష్కరణ జరిగిన గది బోర్డు మాత్రం కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోతోంది. దాని కింద చాక్‌పీసు ముక్క కూడా లేదు.

“ఆ రోజు లోపల ఉన్నారా?” అని డిటెక్టివ్ అటెండర్‌ని అడిగాడు.

“గేటు దగ్గరున్నానండీ. ఆ ఉపన్యాసాలు మనకెక్కుతాయా?”

“తేనెకి ముందు చేతులు కడుక్కోవాల్సింది, పాపం!” అంది అసిస్టెంటు.

“ఎట్లా కడుక్కుంటాడమ్మా? సింహమంటే నిప్పు. నిప్పుకీ నీళ్లకీ పడదు. అందుకే తేనె,” అన్నాడు అటెండర్.

డిటెక్టివ్ కళ్లజోడు తుడుచుకున్నాడు. అది ఆయనకు ఏదో దొరికిన గుర్తని అసిస్టెంటుకు తెలుసు.

సాయంత్రం అదే గదికి ఇన్‌స్పెక్టర్‌తో సహా అందరినీ పిలిపించాడు. పాస్టర్‌కు బేడీలు పడటం చూడాలని ప్రొఫెసర్ చక్రాల కుర్చీలో కూర్చుని మరీ వచ్చాడు.

“తేనెలో విషం లేదు. అదే సీసాలోది ఆ రోజే పాలలో కలుపుకుని పాస్టర్‌గారూ తాగారు, నిక్షేపంగా ఉన్నారు,” అన్నాడు డిటెక్టివ్. “విషం ప్రొఫెసర్‌గారి వేళ్లకే ఉంది. బోర్డు మీద రాసిన చాక్‌పీసుకు ఎవరో విషం పట్టించారు, ఆ పొడి అది. నీళ్లయితే కడిగేసేవి. తేనె నోటిదాకా మోసుకెళ్లింది. ఆ తర్వాత, ఎప్పుడూ తుడవని బోర్డును ఒకరు అద్దంలా తుడిచారు.” అటెండర్ వైపు తిరిగాడు. “ఉపన్యాసం వినలేదన్నారు. సింహం సంగతి చెప్పే పుస్తకం ఇంకా బయటికే రాలేదు. నిప్పుకీ నీళ్లకీ పడదని ఎవరు చెప్పారు?”

“మా అమ్మాయి,” అన్నాడు అటెండర్. “ఈయన దగ్గరే నాలుగేళ్లు కష్టపడి పరిశోధన రాసింది. ఎక్కడో కాపీ కొట్టావని అందరిముందూ ఈయన కాగితాలు మొహాన కొట్టాడు. ఆ దిగులుతోనే మంచం పట్టి పోయింది. ఆ పరిశోధన మీద నోటి పరీక్షకి ముందు రోజు ఇంట్లో నా చేతుల మీదే తేనె పోసి, ఎట్లా చెప్పాలో సాధన చేసుకుంది. ఈయన పాస్టర్‌గారికి ఫోన్ చేసి తేనె తెమ్మంటుంటే విన్నాను. దాని రాతతోనే పుస్తకం వేశాడని అప్పుడర్థమైంది.”

“నన్ను చంపాలని చూస్తావురా! బతికాను, చూడు!” అని అరిచాడు ప్రొఫెసర్.

అటెండర్ నవ్వాడు.

“చంపాలనుకుంటే ఇంకాస్త పట్టించేవాణ్ణి సార్. ఎన్ని అర్జీలు పెట్టాను! అటెండరు మాట ఎవడు విన్నాడు? ఇప్పుడు జడ్జిగారు ఎందుకు చేశావని అడిగి తీరాలి. అమ్మాయి రాసిన నోటుపుస్తకాలు తారీఖులతో సహా దాచాను. అన్నీ చదువుతారు. మీరు బతికుండి వినాలి.” పాస్టర్‌కు దణ్ణం పెట్టాడు. “మీకు బేడీలు వెయ్యబోతే నేనే ఒప్పుకునేవాణ్ణయ్యా.”

ప్రొఫెసర్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. “ఇన్‌స్పెక్టర్‌గారూ, పాపం కడుపుకోత... నాకే కేసూ వద్దు. వదిలెయ్యండి.”

“విషం పెట్టిన కేసండీ. మీరు వద్దంటే ఆగేది కాదు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అటెండర్ అప్పటికే రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.