హేదమ్ అమ్మగారు

తక్ గారి డిటెక్టివ్ ఆఫీసు తోంగ్‌యంగ్ రేవు వీధిలో, గింబాప్ అన్నపు చుట్టలు అమ్మే కొట్టు మేడమీద ఉంది. ఆ మెట్లెక్కి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మొగుడి మీదో పెళ్ళాం మీదో అనుమానం మోసుకొచ్చేవాళ్ళే. అందుకే ఆ ఉదయం రబ్బరు బూట్లు గుమ్మం బయటే విప్పి, తల దించుకుని లోపలికి వచ్చినావిడను చూసి, సహాయకురాలు యేరిమ్ ఇదీ ఆ బాపతే అనుకుంది. అనుకుని కొత్త ఫైలు కూడా తీసింది.

ఆవిడ పేరు తుయెత్. వియత్నాం నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చి పదేళ్ళు దాటింది. భర్త దూరసముద్రపు పడవలో వంటవాడు, ఇల్లు చూసేది ఏడాదికోసారి. తను ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులో పనిచేస్తుంది. ఉన్నది ఒక్కతే కూతురు, హేదమ్, ఐదో తరగతి. చెప్పవలసింది దారిపొడవునా వల్లెవేసుకుంటూ వచ్చిందో ఏమో, కూర్చోకముందే అందుకుంది.

"నా కూతురు నన్ను అమ్మా అనడం మానేసింది సార్. నెలైంది. నేను రాయని మాట నేనే రాశానంటోంది. రాసిందెవరో మీరు కనుక్కోవాలి. దానికి చెప్పాలి."

తక్ గారు టీ పోయించి, మెల్లగా ఒక్కొక్కటే రాబట్టారు. తరగతి పిల్లలు ఫోన్‌లో మాట్లాడుకునే గుంపులో సియా అనే అమ్మాయి, ఆమె జట్టూ కలిసి హేదమ్‌ను 'ఆల్చిప్పల కంపు' అని ఏడిపించారు. గుంపులోంచి తోసేయడం, మళ్ళీ లాక్కొచ్చి ఏడిపించడం. పిల్ల చాలాకాలం దిగమింగుకుని, చివరికి తల్లితో చెప్పింది. తల్లి బడి యాప్‌లో ఫిర్యాదు చేసింది. విచారణ పెడతామన్నారు. ఇంతలో తల్లి పేరుమీదే క్లాసు టీచరుకు ఒక మెసేజి వెళ్ళింది. తుయెత్ తన ఫోను తీసి బల్లమీద పెట్టింది.

'టీచరుగారూ, హేదమ్ అమ్మగారిని రాస్తున్నాను. మా పిల్లకు లేనివి కల్పించి చెప్పే అలవాటుంది. ఈసారీ అలాగే చెప్పింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. ఇంతటితో వదిలేయండి.'

యేరిమ్‌కు నవ్వు ఆగలేదు. పాపం, తనకు తనే గారు తగిలించుకుంది అనుకుంది. తక్ గారు మాత్రం నవ్వలేదు. వేలితో పైకి తోసి పాత మెసేజీలన్నీ చూశారు. తుయెత్ తన భాషలో రాస్తే యాప్ కొరియన్‌లోకి మార్చి పంపుతుంది. అలా వెళ్ళిన ప్రతిదాని కిందా 'అనువాదం' అని చిన్న అక్షరాలున్నాయి. ఈ ఒక్కదాని కింద లేవు.

"బడి నుంచి వచ్చేవి మీరెలా చదువుతారమ్మా?"

"హేదమ్ చదివి చెబుతుంది సార్. యాప్ మార్చి చూపించేది సగమే తెలుస్తుంది నాకు. ఇదీ అలాగే చదివింది. చదివి ఫోను నా ఒళ్ళో పడేసి వెళ్ళిపోయింది. షెడ్డులో ఎవరిచేతో రాయించానని దాని నమ్మకం."

ఖాతా ఎవరు తెరిచిపెట్టారని అడిగితే, క్లాసు టీచరు ప్యో గారని తుయెత్ చెప్పింది. తనకు ఆ ఫారాలు నింపడం రాకపోతే టీచరే సొంత ఫోన్‌లో అంతా చేసి ఇచ్చిందట. పాస్‌వర్డు హేదమ్ పుట్టినరోజు. ఆ తేదీ తరగతి గోడమీదే రాసి ఉంటుంది కాబట్టి రహస్యమేమీ కాదు. తనకు జ్వరమొచ్చినప్పుడు జావ కాచి తెచ్చిన మనిషి ఆ టీచరు, హేదమ్‌కు ఆవిడంటే ప్రాణం అని కూడా చెప్పింది.

బడిలో వైస్ ప్రిన్సిపాల్ నామ్ గారు మర్యాదగానే కూర్చోబెట్టారు కానీ, మాటల్లో మాత్రం ఎక్కడా తడి లేదు.

"సంరక్షకురాలు రాసింది, మా దగ్గరుంది. ఇప్పుడు కాదంటే మేమేం చేస్తాం? ఆ భాష చూశారుగా, తన్ను తానే గారు అనుకుంది. మనవాళ్ళెవరైనా అలా రాస్తారా? సంరక్షకురాలికి భయమేసి తగ్గి ఉంటుంది, అంతే."

సియా తల్లికి వంతెన దగ్గర కాఫీ హోటలుంది. గుమ్మంలోనే ఎదురొచ్చి, "నేను సియా అమ్మని, చెప్పండి" అంది. చెప్పనివ్వకుండా తనే మాట్లాడింది.

"హేదమ్ వాళ్ళమ్మ ఏం రాసిందో నన్నడుగుతారేంటి? పిల్లలన్నాక ఓ మాట అనుకోరా? టీచరుకి మెసేజీలు పెట్టానా అంటే, పెట్టాను. రోజూ పెట్టాను. నా కూతురి సంగతి నేను కాక ఇంకెవరు చూస్తారు? హేదమ్ వాళ్ళమ్మకి చేతకాకపోతే నాదా తప్పు?"

బయటికొచ్చాక యేరిమ్, దొంగ దొరికినట్టే సార్ అంది. తక్ గారు మళ్ళీ బడివైపు నడిచారు.

ప్యో టీచరు ఖాళీ తరగతిలో ఒక్కతే ఉంది. ముప్పై నిండని మనిషి, కళ్ళకింద నలుపు. మాట్లాడుతున్నంతసేపూ బల్లమీది ఫోను గుర్రుమంటూనే ఉంది. మోగినప్పుడల్లా ఆవిడ భుజాలు ముడుచుకుంటున్నాయి. హేదమ్ అమ్మగారు చాలా మంచివారని, అమ్మగారు ఒంటిచేత్తో పిల్లను పెంచుకొస్తున్నారని చెప్పింది. ఆ మెసేజి చదివాక హేదమ్ తల్లిని అమ్మా అనడం లేదన్న సంగతి తక్ గారు చెప్పగానే ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"హేదమ్ చూసిందా? అది హేదమ్ ఎందుకు చూసింది?"

తక్ గారు లేచి, వంగి నమస్కరించి బయటికొచ్చేశారు. రేవు గట్టున చేపముక్కల పులుసు కొనుక్కుని, తాగకుండా చల్లార్చుకుంటూ కూర్చున్నారు. యేరిమ్ ఉండబట్టలేక, సియా అమ్మే కదా సార్ అని మళ్ళీ అడిగింది.

"అయితే ఎంత బాగుండేది" అన్నారాయన.

ఆయన దగ్గర పనిచేసిన ఇన్నేళ్ళలో, దొంగ తెలిశాక ఆయన ఇలా డీలాపడడం యేరిమ్ చూడలేదు. సాయంత్రం షెడ్డు దగ్గరికి వెళ్ళి తుయెత్‌ను పక్కకు పిలిచారు. రాసిందెవరో తెలిసిందని, అది బయటపడితే పిల్లకు మరో దెబ్బ తగులుతుందని, తెలుసుకోకుండా ఉండగలరా అని అడిగారు. తుయెత్ చేతి తొడుగులు విప్పుకుంటూ కాసేపు ఆలోచించింది.

"నిన్న దాని పుట్టినరోజు సార్. ఇక్కడి ఆచారం ప్రకారం సముద్రపు నాచు సూపు కాచాను. గిన్నె ముందు పెడితే, 'థాంక్సండీ' అంది. పరాయివాళ్ళతో అన్నట్టు. నాకు తెలియాలి సార్. మీరు చెప్పేటప్పుడు అదీ అక్కడుండాలి, లేకపోతే నమ్మదు."

మరునాడు బడి వదిలాక అందరూ తరగతిలోనే కూర్చున్నారు. వైస్ ప్రిన్సిపాల్, సియా తల్లి, ప్యో టీచరు, తుయెత్. హేదమ్ తల్లికి దూరంగా, టీచరు పక్కన కూర్చుంది. అది చూసి తక్ గారు చూపు తిప్పుకుని మొదలుపెట్టారు.

"ఈ మెసేజి కింద అనువాదం అన్న గుర్తు లేదు. అంటే దీన్ని నేరుగా మన భాషలోనే కొట్టారు. మరి మన భాష వచ్చినవాళ్ళు తమకు తాము గారు పెట్టుకుంటారా? పెట్టుకోరు. రానివాళ్ళు పొరపాటున పెట్టుకుంటారని నామ్ గారు అన్నారు. పదేళ్ళుగా షెడ్డులో 'ఏయ్' అని పిలిపించుకునే మనిషి తనను తాను అమ్మగారు అనుకుంటుందా? అనుకోదు. అది తెలియక చేసిన తప్పు కాదు, అలవాటులో దొర్లిన తప్పు. వేళ్ళు రోజూ కొట్టే మాటను ఫోను తనే ముందుకు తెచ్చి పెడుతుంది. హేదమ్ అని కొట్టగానే అమ్మగారు అని వచ్చింది. కంగారులో దాన్ని దిద్దలేదు."

ఆయన ఒక్కొక్కరివైపూ చూశారు. "నామ్ గారికి ఆవిడ సంరక్షకురాలు. సియా అమ్మకు 'హేదమ్ వాళ్ళమ్మ'. ఈ ఊళ్ళో ఆవిడను నోరారా అమ్మగారూ అని పిలిచిన మనిషి ఒక్కరే. ఖాతా తెరిచింది కూడా ఆ మనిషి ఫోన్‌లోనే."

సియా తల్లి గబుక్కున టీచరు వైపు తిరిగింది.

"నేనే" అంది ప్యో టీచరు. "సియా వాళ్ళనుంచి రోజూ మెసేజీలు. విచారణ జరిగితే నీమీదా కేసు పెడతాం, ఎక్కడా పాఠం చెప్పనివ్వం అన్నారు. ఫిర్యాదు ఆగితే చాలు, తర్వాత హేదమ్‌ను నేను చూసుకుంటాననుకున్నాను. పిల్ల అబద్ధమాడిందంటేనే ఆగుతుందనిపించింది. అమ్మగారికి చదవడం రాదు కదా, ఎవరికీ తెలియదనుకున్నాను." ఆవిడ ఫోను బోర్లించి పెట్టింది. "అమ్మగారికి చదివిపెట్టేది హేదమేనని నాకు తెలుసు. ఎంత బాగా చదువుతావే అని మెచ్చుకున్నదాన్ని కూడా నేనే. ఆవేళ ఆ సంగతే తట్టలేదు."

హేదమ్ ఏడవలేదు. కుర్చీలోంచి లేచి, ఎవరి పక్కన నిలబడాలో తెలియనట్టు గది మధ్యలో ఆగిపోయింది. టీచరు మోకాళ్ళమీద కూలబడి చెయ్యి చాచింది. పిల్ల తన రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. యేరిమ్ ఇక చూడలేక కిటికీ వైపు తిరిగింది.

నామ్ గారు విచారణ మళ్ళీ మొదలవుతుందని, ప్యో టీచరు రేపటినుంచి తరగతికి రాదని చెప్పారు. ఆ రెండు ముక్కలు చెప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

తల్లీకూతుళ్ళు ముందు, తక్ గారూ యేరిమూ వెనక, మెట్లు దిగుతున్నారు. మధ్యలో హేదమ్ ఆగింది.

"అమ్మా."

తుయెత్ కూడా ఆగిపోయింది. నెలరోజులుగా ఎదురుచూసిన పిలుపు. అయినా ఆవిడ ముఖంలోకి సంతోషం రాలేదు, పిల్ల ముఖం అలా ఉంది మరి.

"నువ్వే రాసుంటే బాగుండేదమ్మా. నీమీదైతే ఎంత కోపమొచ్చినా నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా. టీచరు ఇంక రాదు."

తుయెత్ మెట్టుమీదే కూర్చుని పిల్లను దగ్గరికి లాక్కుంది.

"అయితే నేనే రాశాననుకోవే" అంది.

హేదమ్ కాదన్నట్టు తల అడ్డంగా ఊపి, తల్లి మెడ పట్టుకుని అప్పుడు ఏడ్చింది.