గుర్రప్పళ్ల దగ్గర పిలుపు

మా సాల్మి రేవులో గుర్రప్పళ్ల పేరెత్తితే ఇప్పటికీ పెద్దవాళ్లు మాట మార్చేస్తారు.

గుర్రప్పళ్లంటే మరేం కాదు — సరస్సులో, రేవు చివరి గట్టుకి ఎదురుగా, నీళ్లలోంచి వరసగా పైకి లేచిన నల్లటి రాళ్లు. ఎండాకాలం వాటి మీద నీటికాకులు రెక్కలారబెట్టుకుంటాయి. పిల్లలు పడవలేసుకెళ్లి ఈతలు కొడతారు. కానీ అక్టోబరు చివర్లో తొలి చలి దిగి, సుపీరియర్ సరస్సు మీంచి తొలి మంచు జల్లు కొట్టిన సాయంత్రం మాత్రం... ఎవరూ అటు తెడ్డెయ్యరు.

ఆ సాయంత్రం అక్కణ్ణుంచి ఎవరో పిలుస్తారు.

పాల లారీ నడిపే వెయికో విన్నాడు. గట్టు మీద లారీ ఆపి, ఓ పక్కకి తిరిగి నిలబడ్డాట్ట పాపం. నీళ్ల మీంచి పిలుపు. ప్యాంటు బొత్తాలైనా పెట్టుకోకుండా లారీ ఎక్కేశాడు. మర్నాడు కాఫీ హోటల్లో ఈ సంగతి చెబితే అందరూ పడీపడీ నవ్వారు.

"ఒరేయ్, నిన్ను ఆ అవతారంలో చూసి దెయ్యమే భయపడి అరిచుంటుంది!"

"నవ్వండి, నవ్వండి. మీరెవరైనా వెళ్లి నిలబడండి చూద్దాం."

"ఇంతకీ ఏమని పిలిచింది?"

వెయికో కాఫీ కప్పు కింద పెట్టాడు. మూల బల్ల దగ్గర కూర్చున్న ఓర్వో వైపు ఓసారి చూశాడు.

"అతని పేరే" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. ఓర్వో తాగుతున్న కాఫీ సగంలో వదిలేసి లేచి వెళ్లిపోయాడు.

గట్టు చివరి ఇల్లు ఓర్వోది. గుర్రప్పళ్లకి దగ్గరగా ఉన్న ఇల్లు అదొక్కటే. మిగతా ఊరంతా నీటిపాయకి ఆవలి ఒడ్డున ఉంటుంది. ఓర్వో చేపలు పట్టేవాడు. మాట తక్కువ, పని ఎక్కువ. ఒకరి జోలికి పోయేవాడు కాదు. అతను పీడకల్లాంటి ఓ సంగతి కడుపులో దాచుకుని తిరుగుతున్నాడని భార్య లెంపికి కూడా తెలియదు.

ఆ సంగతి ఇదీ.

కొన్నేళ్ల కిందట వేసవిలో, చేపలు తూకం వేసే చోట, పదిమంది ముందు టౌనో అనేవాడు ఓర్వోని దొంగ అన్నాడు. తన వల ఎత్తి చేపలు కాజేశాడన్నాడు. ఓర్వో జన్మలో ఒకరి చేప ముట్టుకున్నవాడు కాదు. ఆ మాట ముల్లులా దిగిపోయింది. అన్నవాడు వారంలో మర్చిపోయాడు... పడ్డవాడు మర్చిపోలేదు.

ఆ ఏడు తొలి మంచు పడ్డ సాయంత్రం లెంపి చర్చిలో ఆడవాళ్లతో కలిసి కుట్టుపనికి వెళ్లింది. ఓర్వో ఒక్కడే పొయ్యి రాజేసుకుంటున్నాడు. అప్పుడు వినిపించింది — గుర్రప్పళ్ల వైపు నుంచి.

"ఓర్వోఓఓ..."

టౌనో గొంతు. వాడి డొక్కు ఇంజను మళ్లీ ఆగిపోయుంటుంది. పడవ రాళ్లలో ఇరుక్కుని ఉంటుంది.

ఓర్వో కోటు అందుకోబోయాడు. చెయ్యి ఆగింది. కాసేపు వణకనీ, అనుకున్నాడు. దొంగని పిలుస్తున్నాడుగా సాయానికి... పిలవనీ. ఓ ఘడియ ఆగి వెళ్దాం.

అంతే. చావాలని కాదు. దేవుడి సాక్షిగా, చావాలని కాదు.

ఆగాడు. మంచు చిక్కబడింది. ఎప్పటికో పిలుపు ఆగిపోయింది. ఇంజను తిరిగుంటుందిలే అనుకుని పడుకున్నాడు.

తెల్లారి టౌనో పడవ బోర్లా తేలింది. టౌనో దొరకలేదు. ఆ చల్లటి నీళ్లు తీసుకున్న మనిషిని తిరిగివ్వవు.

షెరీఫ్ వచ్చి అడిగాడు. పక్కనే టౌనో భార్య సైమా నిలబడి ఉంది, కళ్లలో నీళ్లు కూడా లేకుండా.

"గాలి అటు లాగింది. మా ఇంటిదాకా ఏం వినపడదు" అన్నాడు ఓర్వో.

"ఏమీ వినపడదా, ఓర్వో?" సైమా అడిగింది.

"వినపడదు సైమా."

ఆమె తలూపింది. అప్పట్నుంచీ ప్రతి చలికాలం ఓర్వో ఆమెకి కట్టెలు కొట్టి ఇచ్చేవాడు. ఆమె ఏలకుల రొట్టె చేసి చేతిలో పెట్టేది. "నీలాంటి మంచివాడు ఉండబట్టే..." అనేది.

మరుసటేడు తొలి మంచుకి మొదలైంది — ఆ పిలుపు.

ప్రతి ఏడూ అంతే. ఆకాశం సీసంలా బరువెక్కి, గాలి వాయవ్యానికి తిరిగి, పొడి పొడిగా మంచు రాలడం మొదలవగానే ఓర్వో కిటికీలు బిగించేవాడు. రేడియో గట్టిగా పెట్టేవాడు. పక్క మీద మోకాళ్లు ముడుచుకుని, చెవుల మీద దిండు పెట్టుకునేవాడు. దిండులోంచి కూడా వినిపించేది...

వెయికో విన్న మరుసటేడూ మంచు పడింది. చీకటి తొందరగా దిగింది. లెంపి చేపల పులుసు బల్ల మీద పెట్టింది. ఓర్వో లేచి రేడియో దగ్గరికి నడిచాడు.

"ఇవాళ పెంచకు" అంది లెంపి.

"ఏం?"

"ప్రతి ఏడూ ఈ రోజునే ఎందుకు పెంచుతావ్?"

ఓర్వో రేడియో మీంచి చెయ్యి తీసేశాడు. పొయ్యిలో కట్టె చిటపటలాడింది. అప్పుడు...

"ఓర్వోఓఓ..."

లెంపి చేతిలో గరిటె ఆగిపోయింది. ముఖం పాలిపోయింది. అయినా మొగుడి వైపే చూస్తోంది — పిలుపొచ్చిన వైపు కాదు.

"ఎవరో నిన్ను పిలుస్తున్నారయ్యా" అంది గుసగుసగా. "వెళ్లవా?"

ఓర్వో కోటు వేసుకున్నాడు. లాంతరు వెలిగించాడు.

బయట చలి చెంపల మీద కొట్టింది. పడవని గులకరాళ్ల మీంచి లాగి నీళ్లలోకి తోశాడు. మంచు రేకులు లాంతరు వెలుగులోకి వచ్చి, మెరిసి, నీళ్లలో పడి మాయమవుతున్నాయి. వెనక్కి చూస్తే ఇల్లు లేదు. గట్టు లేదు. కిటికీలో దీపం ఒక్కటే, పసుప్పచ్చ చుక్కలా.

"ఓర్వోఓఓ..."

దగ్గరగా. ఇంకా దగ్గరగా.

తిరిగిపోదామనుకున్నాడు. ఆ రోజు వెళ్లకపోబట్టే కదా ఇదంతా... అనుకుని మళ్లీ తెడ్డు వేశాడు.

రాళ్లు కనిపించాయి. నల్లటి రాళ్లు, నెత్తిన తెల్లటి మంచు. లాంతరు వెలుగు వాటి మీద పడగానే —

పిలుపు ఆగిపోయింది.

నీళ్లు రాళ్లని నాకుతున్న చప్పుడు. అంతే.

రెండు రాళ్ల నడుమ ఓ పడవ. పడవలో ఓ ఆకారం. కదలకుండా కూర్చుని ఉంది. ఒంటి మీద నల్లటి తోలుకోటు, టోపీ ముందుకి వాలి ముఖం కనపడటం లేదు. భుజాల మీద మంచు పేరుకుపోయి ఉంది.

ఆ కోటు ఓర్వోకి తెలుసు. టౌనోది.

తెడ్లు చేతుల్లోంచి జారిపోయాయి. పడవలోనే మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"వచ్చాను టౌనో..." అన్నాడు. "ఆలస్యంగా వచ్చాను... ఆ రోజు కూడా విన్నాను. నీ గొంతేనని తెలుసు. దొంగన్నావని... కాసేపు వణకనీ అనుకున్నాను. అంతేరా. చావాలని కాదు..."

ఆకారం కదిలింది. భుజాల మీది మంచు జారి నీళ్లలో పడింది. చెయ్యి మెల్లగా లేచి టోపీ వెనక్కి తోసింది.

నెరిసిన జుట్టు. ఎండిన పెదాలు.

సైమా.

ఆమెది మొదట్నుంచీ బొంగురు గొంతే. నీళ్ల మీద, మంచులో, ఆడో మగో ఎవరికి తెలుస్తుంది?

"అయితే వినపడుతుందన్నమాట" అంది.

ఓర్వో పడవ అంచు పట్టుకున్నాడు.

"ఏటా వచ్చాను" అంది సైమా. కోపంగా కాదు, అలసిపోయినట్టు. "ఇలాంటి సాయంత్రమే, ఇలాంటి గాలే చూసుకుని. ఇక్కడ కూర్చుని పిలిచేదాన్ని. నీ కిటికీలో దీపం కనపడేది. తలుపు తెరుచుకునేది కాదు. హమ్మయ్య... ఓర్వో నిజమే చెప్పాడు, వినపడదు, అనుకునేదాన్ని. ఏడాదంతా నిద్రపట్టనిదాన్ని, ఆ ఒక్క రాత్రీ ఒళ్లెరక్కుండా నిద్రపోయేదాన్ని. మళ్లీ అనుమానం పురుగులా తొలిచేది... ఇదే ఆఖరుసారి అనుకుని వచ్చాను. ఇవాళ కూడా నువ్వు రాకపోయుంటే, ఇంక నా మనసు కుదుటపడేదే."

మంచు ఇద్దరి మీదా రాలుతోంది. రెండు పడవలూ ఒకదానికొకటి తగిలి, మెల్లగా విడిపోతున్నాయి.

"ఒక్కటి చెప్పు" అంది సైమా. "ఎంతసేపు పిలిచాడు?"

రెండుసార్లే పిలిచాడని చెప్పొచ్చు. కాదనేవాళ్లెవరూ లేరు. ఓర్వో నోరు తెరిచాడు. ఆమె కళ్లు అతని ముఖం మీదే ఉన్నాయి.

"పొయ్యి రాజేస్తుంటే మొదలెట్టాడు" అన్నాడు. "పులుసు వెచ్చబెట్టుకున్నాను. తిన్నాను. గిన్నె కడుక్కున్నాను. పైపు వెలిగించుకున్నాను, అది ఆరిపోయేదాకా కాల్చాను... అప్పటికీ పిలుస్తూనే ఉన్నాడు సైమా."