కొట్లో అనకూడని మాట

ఆ ఉదయం సాలూరు మీద మబ్బు పట్టినట్టే పట్టింది. కొండల వైపు నుంచి నాలుగు చినుకులు రాలాయి. ఎనిమిదయ్యేసరికి ఆ మబ్బు ముక్కలై ఎటో పోయింది. పదకొండింటికి ఎండ కొట్టు గడప దాటి లోపలికి వచ్చేసింది.

ఆదివారం. ఏడో తరగతి చదివే హైమ కొట్లో నాన్న స్టూలు మీద కూర్చుని ఉంది. నాన్న భీమశంకరరావు సరుకు విడిపించడానికి పార్శిల్ ఆఫీసుకు వెళ్ళాడు.

వాళ్ళది ఆయిల్ ఇంజన్ల సామాన్ల కొట్టు. పొలాలకు నీళ్ళు తోడే పాత ఇంజన్లకు కావలసిన విడి సామాన్లు అమ్ముతారు. గోడ నిండా చిన్న చిన్న చెక్క సొరుగులు. తాత చేయించినవి.

తాత నాటి నుంచి ఆ కొట్లో ఒక పద్ధతి ఉంది. అడిగిన వస్తువు అయిపోతే 'లేదు' అనకూడదు. ఆ మాట అంటే లక్ష్మి గడప దిగిపోతుందని తాత అనేవాడు. అందుకని నాన్న 'రండి, సూద్దాం' అంటాడు. లేకపోతే 'రేపొస్తాది' అంటాడు.

ఊళ్ళోవాళ్ళకు దాని అర్థం తెలుసు. పక్కన టీ కొట్టు కొండబాబు వచ్చినవాళ్ళతో నవ్వుతూ చెప్పేవాడు.

"మా సావుకారు రేపన్నాడంటే ఇంకో కొట్టు సూసుకోమని. మీరు నిజంగా రేపొచ్చీగలరు, రాకండి."

హైమ కూడా పలకడం నేర్చిన నాటి నుంచి ఆ పద్ధతే నేర్చింది.

కిందటేడు దసరాకి నాన్న కొట్టు ఎత్తేద్దామనుకున్నాడు. అందరూ కరెంటు మోటార్లు పెట్టించుకున్నారు. పాత ఇంజన్లు చేసిన కంపెనీ కూడా మూతపడింది. రోజుకి ఒక్కడు కూడా గడప తొక్కడం లేదు.

అప్పుడే హైమ వాళ్ళ కంప్యూటర్ మాస్టారు నవీన్ ఇంజను అతుకుల మధ్య వేసే ఒక గాస్కెట్టు కోసం వచ్చి, సొరుగులన్నీ చూశాడు.

"సాలూరులో ఈ ఇంజన్ ఉన్నోళ్ళు నలుగురే అవ్వొచ్చు సార్. రెండు జిల్లాల్లో ఎంతమందున్నారో. మీ కొట్టు ఉందని వాళ్ళకి ఎలా తెలుస్తాది?"

రెండు ఆదివారాలు కూర్చుని ఆయనే కొట్టుకు ఒక వెబ్‌సైట్ చేసి పెట్టాడు. కొట్టు ఫోటో, దారి, ఫోన్ నంబరు. కింద సామాన్ల పట్టిక. ఒక్కొక్కదాని పక్కన రెండు గడులు. ఒకదాంట్లో 'ఉంది', రెండోదాంట్లో 'లేదు'. సరుకు అయిపోయిన రోజు రెండో గడి నొక్కడం హైమ పని.

నెల తిరక్కుండా రాజాం నుంచి ఒకతను వచ్చాడు. తర్వాత పాలకొండ నుంచి. ఒడిశాలో రాయగడ నుంచి కూడా వచ్చారు. "మా ఇంజనుకి రింగులు దొరుకుతాయని ఇన్నాళ్ళూ తెలీనేలేదు బాబూ" అని ఒకాయన సొరుగులను చేత్తో తడిమి చూశాడు. దసరా దాటింది. కొట్టు నిలబడింది.

హైమ రెండో గడి ఎప్పుడూ నొక్కలేదు. నోటితో అనకూడని మాట వేలితో మాత్రం ఎలా అనడం అనుకుంది.

గడపలో నీడ పడింది. అరవై దాటిన మనిషి. కాళ్ళకు మోకాళ్ళ దాకా దుమ్ము. చేతిలో గుడ్డ మూట.

"ఇదేనా పాపా, పాత ఇంజన్ల కొట్టు? సెల్లులో సామాను ఉన్నాదని సూసి వచ్చినాను. మా తమ్ముడి కొడుకు సూపించినాడు."

"ఇదే తాతా. ఏటి కావాల?"

అతను మూట విప్పాడు. లోపల నల్లబడిన నాజిలు ఉంది. ఇంజనులోకి డీజిలు చిమ్మే చిన్న ఇనుప ముక్క. అది పాడైతే ఇంజను తిరగదు.

"కొత్తూరు పక్కనమ్మా మాది. పార్వతీపురంలో బస్సు మారినాను. మొన్న ఫోన్ కూడా సేసినాను. ఓ పిల్ల ఎత్తినాది. నాజిలు ఉన్నాదా అంటే, రండి సూద్దాం అన్నాది."

హైమకు గుర్తొచ్చింది. ఆ వేళ లెక్కలు చేసుకుంటూ ఫోన్ ఎత్తింది. సొరుగు వైపు చూడను కూడా లేదు.

ఇప్పుడు లాగి చూసింది. అడుగున కాగితం ముక్క ఒక్కటే ఉంది. ఉన్న ఆఖరి నాజిలు పది రోజుల కిందట పాలకొండ మనిషి పట్టుకుపోయాడు.

"కూకో తాతా. నాన్న వస్తాడు. సూద్దాం" అంది.

అతను గడప మీద కూర్చున్నాడు. పేరు లక్ష్ముడట. రెండెకరాల వరి వేశాడట.

"సేను పొట్ట మీదున్నాది పాపా, ఇప్పుడు నీరు లేపోతే గింజ పట్టదు. ఇంజను ఆగిపోయి నాలుగు రోజులైనాది. సేను పక్క గెడ్డలో నీరు పారతానే ఉన్నాది. గట్టు మీద నిలబడి నీరు సూడ్డం, ఎనక్కి తిరిగి సేను సూడ్డం. అదే పని. మడిలో నా సెయ్యి పట్టే బీటలు."

అరచెయ్యి నిలువుగా పెట్టి చూపించాడు. హైమ ఆ చెయ్యి చూడలేక నేల చూసింది.

నాన్న వచ్చేసరికి పన్నెండు దాటింది. సంగతి విన్నాడు. సొరుగు లాగాడు, మూశాడు.

"రేపొస్తాది నాయుడూ" అన్నాడు అలవాటుగా.

సాలూరు మనిషైతే ఆ మాటకు లేచి వెళ్ళిపోయేవాడే. లక్ష్ముడి ముఖం మాత్రం తేటపడింది.

"రేపొస్తాదా సావుకారూ? అయితే ఇక్కడే పడుంటాను. అరుగు మీద కాసింత జాగా ఇయ్యండి. రేపు మొదటి బస్సుకి ఎల్లిపోతాను."

మూటను స్తంభం దగ్గర పెట్టుకున్నాడు. సొరుగు మీద పెట్టిన నాన్న చెయ్యి అక్కడే ఉండిపోయింది.

హైమ స్టూలు దిగింది.

"లేదు తాతా. నాజిలు లేదు. అయిపోయి పది రోజులైంది. ఫోన్‌లో అడిగినప్పుడు నేనే సెప్పలేదు. సెల్లులో కూడా మార్చలేదు."

నాన్న తల తిప్పి హైమ వైపు చూశాడు.

లక్ష్ముడు కోప్పడలేదు. నాజిలును వేళ్ళ మధ్య తిప్పాడు.

"ఈ మాట మొన్నే అనుంటే ఇశాపట్నం పోయుందును కదమ్మా" అన్నాడు.

నాన్న వెంటనే విశాఖపట్నం ఫోన్ చేశాడు. అక్కడి కొట్టతను ఇంట్లో ఉన్నాడు. ఆదివారం కదా. గోడౌన్‌లో ఒకటి ఉందట. రేపు తీసి బస్సు పార్శిల్ వేస్తే మంగళవారానికి కొత్తూరు చేరుతుంది.

"మంగళారానికా" అన్నాడు లక్ష్ముడు. వేళ్ళు ముడిచి లెక్క వేసుకున్నాడు. "గట్టు పక్క మడి మిగుల్తాదేమో. ఎగువ మడి పోయినట్టే."

అతని బస్సు రెండింటికి.

హైమ, నాన్న ఫోన్ తీసుకుని పట్టిక తెరిచింది. నాజిలు పక్కన రెండో గడి నొక్కింది. తర్వాత గోడ దగ్గరకు వెళ్ళి కింది వరస నుంచి మొదలుపెట్టింది. ఒక్కొక్క సొరుగు లాగడం, చూడడం, ఖాళీ అయితే నొక్కడం.

పై వరస అందలేదు. ముని వేళ్ళ మీద నిలబడింది. అయినా అందలేదు.

నాన్న లేచాడు. పై వరసలో మొదటి సొరుగు లాగి చూసి, పూర్తిగా బయటికి తీసి, హైమకు కనిపించేలా వంచాడు. ఖాళీ. నోటితో మాత్రం 'లేదు' అనలేదు. హైమ నొక్కింది. రెండోది లాగాడు. అందులో రింగులున్నాయి. మూసేశాడు. మూడోది మళ్ళీ వంచి చూపించాడు.

పదకొండు సొరుగులు ఖాళీగా తేలాయి.

ఇంటి నుంచి అమ్మ కన్యాకుమారి కేరియర్ పట్టుకొచ్చింది. గడపలో మనిషిని చూసింది, ముగ్గురి ముఖాలూ చూసింది. ఇద్దరికి తెచ్చిన అన్నాన్ని మూడు గిన్నెల్లోకి సర్దింది. మొదటిది లక్ష్ముడి ముందు పెట్టింది.

అతను కొండబాబు దగ్గర చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. పక్కన నాన్న, ఎదురుగా హైమ. ఎండ వాళ్ళ మధ్యకు జరిగి వచ్చింది. తల ఎత్తకుండా ముగ్గురూ పప్పూ అన్నం కలుపుకుని తిన్నారు.