వద్దన్న పిల్ల

పెళ్ళిచూపులకు వెళ్ళి పెళ్ళికూతుర్నే కడిగిపారేసినవాడు రాజోలు మొత్తానికి శ్యామ్ బాబు ఒక్కడే అయి ఉంటాడు.

పాపం, తప్పంతా అతనిది కాదు. స్టెల్లా శ్రీహరికోటలో ఉద్యోగం చేస్తోందని మాత్రమే సంబంధం తెచ్చినాయన చెప్పాడు. ఏం ఉద్యోగమో ఆయనకీ తెలీదు. అందుకని స్టెల్లా తండ్రి ఏసుపాదం మాస్టారు, "ఎప్పుడైనా రాకెట్ ప్రయోగం చూసేరా బాబూ?" అని మర్యాదకి అడగ్గానే శ్యామ్ బాబు రెచ్చిపోయాడు.

"ఆ ఊసెత్తకండి మాస్టారూ! పోయిన నెల మా చర్చి యూత్ అంతా బస్సు మాట్లాడుకుని వెళ్ళేమండి. పులిహోర మూటలు, మామ్మగార్లు, చంటిపిల్లలు... తీరా వెళ్తే వాతావరణం బాగోలేదు, వాయిదా అన్నారండి. చూస్తే ఎండకి మాడు పగిలిపోతోంది! ఎవడో ఏసీ గదిలో కూర్చుని, కిటికీ అయినా తెరవకుండా వద్దనేసేడండి. ఆ మహానుభావుడికి మబ్బుకీ వంటింటి పొగకీ తేడా తెలుసంటారా?"

పక్కనున్న తల్లి కృపావతి అతని తొడ గిల్లింది. ఆవిడ అప్పటికే అమ్మాయి మొహం చూసింది.

స్టెల్లా జంతికల పళ్ళెం అతని ముందుకి జరిపింది. "ఆ మహానుభావుడు నేనేనండి," అంది.

శ్యామ్ బాబు అందుకున్న జంతిక మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

"మాది వాతావరణం చూసే టీమండి. నిర్ణయం పెద్దవాళ్ళదే గానీ, ఆ రోజు ముందుగా వద్దన్నది నేను. కిటికీ తెరిచే చూసేను."

"మరి ఎండ..."

"ఎండ మీ నెత్తి మీదుందండి. సముద్రం మీద ఉరుముల మబ్బుంది. దాని పైభాగం గాలికి పల్చగా సాగి మా మీదకొస్తోంది. చూడ్డానికి దూదిలా ఉంటుంది, లోపల కరెంటు ఉంటుంది. ఎవరూ కదపకపోతే పిడుగు పడకపోవచ్చు. రాకెట్ నిప్పులు కక్కుతూ అందులోంచి వెళ్ళిందనుకోండి, పిడుగుని తనే పిలిచి నెత్తిన పెట్టుకుంటుంది."

"మరి ఆ సాయంత్రం వాన పడిందాండీ?" ఓడిపోవడం ఇష్టంలేక అడిగాడు.

"చుక్క కూడా పడలేదండి."

పెద్దవాళ్ళు ఇద్దరినీ అరుగు మీదకి పంపారు. స్టెల్లా సూటిగానే చెప్పింది. "మీరు నచ్చలేదని కాదండి. నా ఉద్యోగమే వద్దనడం. వద్దంటే ఇంత మండిపడే మనిషితో నేను రోజూ ఎలా వేగను? ప్రస్తుతానికి వద్దండి."

అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఆమె వద్దన్న తీరుకే శ్యామ్ బాబు పడిపోయాడు. ఇంత చక్కగా, ఇంత నెమ్మదిగా తనని ఎవరూ కాదనలేదు. ఈ అమ్మాయి దక్కకపోతే ఇంక బతుకంతా దిగులేనని అతనికి అప్పుడే తెలిసిపోయింది.

"ప్రస్తుతానికి అంటే ఎప్పటిదాకాండీ?"

"మబ్బు పోయేదాకా."

"ఏ మబ్బండి?"

"మీ మొహంలో ఉన్నదేనండి."

"పోనీ నెంబరిస్తారా? వాన కబుర్లకే."

"వాన కబుర్లకైతే ఇస్తాను," అంది స్టెల్లా. బుగ్గన సొట్ట దాచుకోవడం ఆమెకి కుదర్లేదు.

ఆ తర్వాత రాజోలు మీద ఎంత చిన్న మేఘం వచ్చినా శ్రీహరికోటకి కబురు వెళ్ళేది.

"పైన గాలి ఎంతుందో ఎలా తెలుస్తుందండి మీకు?"

"బెలూన్లు ఎగరేస్తామండి. కింద ఆకు కదలకపోయినా పైన రాకెట్‌ని పక్కకి తోసేసేంత గాలి ఉండొచ్చు."

"అంత చదువు చదివి బెలూన్లు ఎగరేస్తారా?"

"ఆయ్. జీతమిచ్చి మరీ ఎగరేయిస్తారండి."

శ్యామ్ బాబుది పందిళ్ళు, కుర్చీలు, లైట్లు అద్దెకిచ్చే వ్యాపారం. ఆ కార్తీకంలో అంబాజీపేట కొబ్బరి వ్యాపారి కొండబాబు కూతురి రిసెప్షన్ పని అతనికి దొరికింది. కొబ్బరితోటలో తాడిచెట్టంత ఇనప స్తంభాలు, పెద్ద టీవీ తెర, ఊరంతా చెప్పుకునే పందిరి కావాలన్నాడాయన. సామాను దిగింది. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో వాయుగుండం బయల్దేరింది. ఇటు రావచ్చు, ఒడిశా వైపు తిరిగిపోనూవచ్చు అన్నారు.

శ్యామ్ బాబు ఫోన్ చేశాడు. "పందిరి వెయ్యమంటారా, ఆపమంటారా?"

"రాకెట్ మాది కాబట్టి మేం చెప్పేం. పందిరి మీదండి."

"అన్యాయమండి!"

"ఒక్కటి చెప్తాను. వస్తుందా రాదా అని తల బద్దలుకొట్టుకోకండి. వస్తే పందిరి కింద ఎవరుంటారో చూసుకోండి."

అతను తోటలో నిలబడి చూశాడు. ఎండ వెలిగిపోతోంది. ఆ స్తంభాల కింద మామ్మగార్లు, చంటిపిల్లలు వరసగా కూర్చుని ఉన్నట్టు కళ్ళకి కట్టింది. కుర్రాళ్ళని పిలిచి సామాను లారీకి ఎక్కించమన్నాడు.

కొండబాబు గారు పరుగున వచ్చాడు. "ఏటయ్యా ఇది! ఎండ మాడ్చేస్తుంటే తుఫానేటి? ఎవడు చెప్పేడు నీకు?"

"నేనేనండి. వద్దండి. ఊళ్ళో హాలు మాట్లాడేను, అక్కడ కానిద్దాం."

"ఇంకెప్పుడైనా మా ఇంట్లో శుభకార్యానికి నిన్ను పిలిస్తే నా పేరు కొండబాబు కాదు!"

వాయుగుండం ఒడిశా వైపు వెళ్ళిపోయింది.

రిసెప్షన్ నాటి సాయంత్రం ఆకాశం కడిగిన కంచంలా ఉంది. హాల్లో మాత్రం జనం చెమటకి తడిసి ముద్దయ్యారు. పట్టుచీరల వాళ్ళు శుభలేఖలతో విసురుకుంటున్నారు. కొండబాబు గారు వచ్చినవాళ్ళందరికీ అతన్ని చూపించి, "ఈయనేనండి మా తుఫాను శ్యామ్ బాబు గారు. గొడుగులు తెచ్చుకున్నారా?" అంటున్నాడు. శ్యామ్ బాబు తలొంచుకుని ఐస్‌క్రీములు పంచుతున్నాడు. తన మాటకి విలువా, వ్యాపారమూ రెండూ పోయాయనుకున్నాడు. ఇంక స్టెల్లా కూడా నవ్వుతుందనుకున్నాడు.

"నాకు వెనిలా అండి," అని వినిపించింది. తలెత్తితే స్టెల్లా. కొండబాబు గారికి చదువు చెప్పిన ఏసుపాదం మాస్టారికి పిలుపు రాకుండా ఉంటుందా? సెలవు మీద వచ్చిన కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడాయన.

"నవ్వండి, నవ్వండి," అన్నాడు శ్యామ్ బాబు.

ఆమె నవ్వలేదు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "నిజం చెప్పండి. ఒక్క జల్లు పడితే బాగుండుననిపించిందా?"

అతను కాసేపు చెంచాలు సర్దాడు. "అనిపించిందండి. నా మాట నెగ్గడం కోసం ఊళ్ళ మీదకి తుఫాను కోరుకున్నాను. సిగ్గేసింది."

"నాకూ అనిపిస్తుందండి, వద్దన్న ప్రతిసారీ," అంది స్టెల్లా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అందరూ ఎండ చూపిస్తారు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మా నాన్నక్కూడా."

శ్యామ్ బాబు ఇంకో ఐస్‌క్రీము ఇచ్చాడు. ఆమె అదీ తీసుకుంది. తర్వాత, కొడుక్కి సాయమొచ్చి హాలు అవతల విసురుకుంటున్న కృపావతి వైపు తిరిగి పిలిచింది.

"అత్తయ్యగారూ!"

శ్యామ్ బాబు ఐస్‌క్రీము పెట్టె మీదే కూలబడ్డాడు.

కృపావతి ఆయాసపడుతూ వచ్చింది. కొడుకు మొహం, అమ్మాయి మొహం చూసి, అడగాల్సింది ఒక్కటేనని అర్థం చేసుకుంది. "పెళ్ళి ప్రధానం ఎప్పుడు పెట్టుకుందామమ్మా? సముద్రం మీద ఇంకో వాయుగుండం పుట్టిందంటన్నారు. నువ్వే చూసి మంచి రోజు చెప్పు."

"చూసేనండి. వచ్చే ఆదివారానికి ఇటే వచ్చేలా ఉంది."

"అయితే ఆ పై ఆదివారం..."

"వద్దండి," అంది స్టెల్లా. "వచ్చే ఆదివారమే, పందిరి లేకుండా మా ఇంట్లో పెట్టేయండి. తుఫానొస్తే రానివ్వండి."