మూసిన వాల్వు

జిగణి పారిశ్రామికవాడలో ఇనుప పలకలను నీళ్ళతో కోసే ఫ్యాక్టరీ అది. నీళ్ళలో ఎర్రటి ఇసుక కలిపి, పంపు వాటిని సన్నటి దారమంత ధారగా వదిలితే, బెత్తెడు మందం ఉక్కు కూడా జున్నుముక్కలా తెగిపోయేది. ఆ కోతను ముందుగా కంప్యూటర్లో నడిపి చూడడం అంబిక పని. తెర మీద ఒక్కో ఇసుక రేణువు ఒక్కో ఎర్ర చుక్క.

రెండు నెలల కిందట ఆపరేటరు అంజినప్ప ధార వచ్చే నాజిల్ తుడుస్తుంటే, నీళ్ళు వాటంతటవే దూకాయి. కుడి అరచెయ్యి పోయింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణమూ పోయింది. వాల్వు సరిగా మూసుకోవడం లేదని అతను అంతకు ముందు వారమంతా మొత్తుకున్నాడు. వాల్వు ఎంత లీకవుతోందో ఆ కొలతలు అంబిక దగ్గరే ఉన్నాయి.

"సోమవారం ఆఫీసర్లు విచారణకొస్తారమ్మా," అన్నాడు ఓనరు మునినారాయణప్ప. "వాల్వు గట్టిగా మూసే ఉండాదని కంప్యూటర్లో చూపించు. వాడే బటన్ నొక్కినాడని రాసెయ్."

అంబిక తలవంచుకుని సరేనంది.

ఆదివారం మధ్యాహ్నం. గేటు దగ్గర మొన్ననే చేరిన వాచ్‌మన్ ఇస్సాకు తప్ప ఎవరూ లేరు. ముసురుకి గది చీకటిగా ఉంది. అద్దం అవతల షెడ్డులో, పట్టా కప్పిన మిషన్. అంబిక వాల్వు లీకు సున్నా అని కొట్టి ప్రోగ్రాం నడిపించింది. వాల్వు మూసి ఉంటే ధారే రాదు. తెర ఖాళీగా ఉండాలి.

ఎర్ర చుక్కలు రాలసాగాయి.

తప్పు కొట్టానేమోనని మళ్ళీ చూసుకుంది. సున్నాయే. మళ్ళీ నడిపించింది. ఈసారి చుక్కలు ఇనుప పలకను చేరకముందే పక్కలకు చీలిపోతున్నాయి. మధ్యలో ఏదో అడ్డం ఉన్నట్టు... దగ్గరికి లాగి చూసింది.

అరచెయ్యి. అయిదు వేళ్ళు.

కరెంటు పోయింది. యూపీఎస్ మీద తెర మాత్రం వెలుగుతోంది. షెడ్డులోంచి బుస్సుమని సన్నటి చప్పుడు. కరెంటు లేకుండా పంపు ఎలా... తడి ఇసుక వాసన. దాని వెనకే పచ్చి నెత్తురు వాసన.

తెర మీద వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకుంటున్నాయి.

"అంజినప్పన్నా... తప్పయిపోయిందన్నా."

సున్నా చెరిపి అసలు కొలత కొట్టింది. ధార తిన్నగా పలక మీద పడింది. చెయ్యి లేదు. షెడ్డులో చప్పుడు ఆగిపోయింది.

కరెంటు వచ్చాక వాల్వుదే తప్పని రాసి, సంతకం పెట్టి, కాగితాలు సంచిలో పెట్టుకుంది. ఉద్యోగం పోతుందని తెలుసు. అయినా రెండు నెలలుగా గుండె మీదున్న బరువు దిగినట్టయింది. గొడుగు వేసుకుని గేటు దాకా నడిచింది.

"ఇప్పుడే ఒకాయన బయటికి పోయినాడు మేడమ్," అన్నాడు ఇస్సాకు. "కుడిచెయ్యి చొక్కాలో దోపుకోని ఉండాడు. పలకరిస్తే పలకలా."

అంబిక కళ్ళు తడిశాయి. "పోనీలే అప్పా."

ఇస్సాకు ఆమె గది కిటికీ వైపు చూశాడు.

"మరి మీ కుర్చీ వెనక ఇంకా నిలబడుకోని ఉండే రెండో ఆయన ఎప్పుడొస్తాడు మేడమ్? గేటు వెయ్యాల."