దొడ్డయ్యకు కట్టిన తాడు

ఒంటిపూట బడి వదిలేసరికి ఎండ నెత్తిన నిప్పులు పోస్తోంది. పిల్లలందరూ నీడ వెతుక్కుంటూ నడుస్తుంటే వనిత మాత్రం పుస్తకాల సంచి వీపు మీద ఎగురుతుండగా పరుగు తీసింది. వెనక నుంచి స్నేహితురాలు మంజు పిలిచినా ఆగలేదు. ఆగితే ఎలా? ఇంటి దగ్గర దొడ్డయ్యకు మధ్యాహ్నం మాత్ర వేయాలి. రాగి ముద్దలో దాచి వనిత పెడితేనే వాడు మింగుతాడు. నాయన పెట్టినా ఉమ్మేస్తాడు, అవ్వ పెట్టినా ఉమ్మేస్తాడు.

దొడ్డయ్య అంటే ఎవరో పెద్దమనిషి అనుకునేరు. కుక్క. అలాంటి ఇలాంటి కుక్క కాదు, దూడంత కుక్క. చిలమత్తూరు పక్క పల్లెల్లో సగం మాటలు కన్నడమే కదా, దొడ్డ అంటే పెద్ద. వాడిని చూడగానే అవ్వ చౌడక్క నోటి నుంచి వచ్చిన మాట అదే. పేరు అలాగే నిలిచిపోయింది.

వాడి కథ వేరే. ఊరి అవతల బెంగళూరు వాళ్ళ ఫాంహౌస్ ఒకటి ఉంది. వాళ్ళు ముచ్చటపడి ఈ చలిదేశపు సెయింట్ బెర్నార్డ్ కుక్కను కొన్నారు. పిల్లగా ఉన్నన్నాళ్ళు ఎత్తుకుని ఫోటోలు దిగారు. పెద్దయ్యాక గొలుసు వేసి పెరట్లో కట్టేశారు. తర్వాత రావడమే మానేశారు. కాపలా మనిషి కూడా పని వదిలి వెళ్ళిపోయాడు. ఎవరో చెబితే హిందూపురం పశువుల డాక్టరు అశ్విని వెళ్ళి చూసింది. అప్పటికి వాడు లేవలేని స్థితిలో ఉన్నాడు. ఒళ్ళంతా రక్తం పీల్చే పిడుదులు, వాటి వల్ల జ్వరం. మెడ చుట్టూ గొలుసు కోసిన పుండు. వెనక కాళ్ళ కీళ్ళు పట్టు తప్పాయి.

వనిత నాయన నరసింహులు టమోటాలు తోలే ఆటోలోనే వాడిని తీసుకొచ్చారు. అంత పెద్ద కుక్కను పెట్టుకోవడానికి డాక్టరమ్మ దగ్గర చోటు లేదు. బాగయ్యేదాకా మీ గొర్రెల కొట్టంలో ఒక మూల ఇవ్వు, తర్వాత మంచి ఇల్లు వెతుకుదాం అని అడిగింది. గొర్రెలకు జబ్బు చేస్తే పిలిచిన వెంటనే వచ్చే మనిషి ఆమె. నాయన కాదని ఎలా అంటాడు?

గొలుసు వేయొద్దని, ఒకేసారి ఎక్కువ తిండి పెట్టొద్దని, మీద పడి ముద్దు చేయొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పి వెళ్ళింది. మొదట్లో వాడు ఎవరి ముఖమూ చూడలేదు. ఒక సాయంత్రం వనిత చాచిన అరచేతిలోని ముద్దను మెల్లగా అందుకున్నాడు. ఆ రోజు వనిత కాళ్ళు నేల మీద ఆనలేదు. మర్నాడు బళ్ళో ఆ సంగతి వినని పిల్లలు లేరు.

ఇప్పుడు ఇంటికి వచ్చేసరికి ముంగిట్లో గొర్రెల బొచ్చు కత్తిరిస్తున్నారు. ఏటా ఎండలు ముదిరే వేళకు చేసే పనే అది. గొర్రెను పక్కకు పడుకోబెట్టి, నాలుగు కాళ్ళూ కలిపి తాడుతో కడతారు. కట్టకపోతే అది తన్నుకుంటుంది, కత్తెర తగిలి చర్మం తెగుతుంది. కత్తిరించడం అయ్యాక తాడు విప్పగానే గొర్రె లేచి ఒక్క దూకు దూకుతుంది.

వనిత దొడ్డయ్యకు మాత్ర పెట్టింది. వాడు నాలుక వేలాడేసి ఆయాసపడుతున్నాడు. పొడుగాటి బొచ్చు అక్కడక్కడ ఉండలు కట్టి ఉంది. ఈ ఎండలో గొంగళి కప్పుకుని పడుకున్నట్టు ఎంత ఉక్కపోస్తుందో పాపం అనిపించింది. గొర్రెలకు ఉన్న సుఖం వీడికి ఎందుకు ఉండకూడదు?

పని ముగిశాక కత్తిరించిన వాళ్ళను దింపి రావడానికి నాయన ఆటో తీశాడు. అమ్మ హిందూపురంలో గార్మెంట్స్ పనికి పోయింది. అవ్వ లోపల కునుకు తీస్తోంది. కత్తెర, తాడు ముంగిట్లోనే ఉన్నాయి. మంచి పనికి ముహూర్తం చూడాలా అనుకుంది వనిత.

నాయన ఎలా కడతాడో చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉంది. అలాగే నాలుగు కాళ్ళూ దగ్గరకు తెచ్చి కట్టింది. దొడ్డయ్య గింజుకోలేదు, అరవలేదు, పళ్ళు చూపించలేదు. కట్టెలా బిగుసుకుని పడి ఉన్నాడు. గొర్రెల కంటే నువ్వే బుద్ధిమంతుడివి అని మెచ్చుకుంటూ వనిత కత్తెర ఆడించింది. వాడి కింద నేల తడిసింది. నీళ్ళ గిన్నె ఒలికిందనుకుంది గానీ, భయంతో వాడు పోసుకున్నాడని ఆమెకు తట్టలేదు.

ఒక పక్క బొచ్చంతా తీసేసరికి నాయన వచ్చాడు. చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని తాడు విప్పాడు. వనిత దూకుతాడేమోనని ఎదురుచూసింది. దొడ్డయ్య దూకలేదు. చాలాసేపటికి వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ కొట్టం చివరి మూలకు పోయి, గోడ వైపు ముఖం పెట్టి పడుకున్నాడు.

ఆ సాయంత్రం వనిత ముద్ద పట్టుకెళ్తే తల తిప్పుకున్నాడు. పొద్దున్నా అంతే. తిండి లేదు, మాత్ర లేదు. మధ్యాహ్నానికి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

“నేను మంచికే కదా నాయనా చేసింది” అంది వనిత.

“మంచికేలే పాపా. గొర్రెకు తాడు కట్టినాక మళ్లా ఇప్పుతామని తెలుసు. ఏటేటా చూస్తానే ఉండాది” అన్నాడు నాయన. కొట్టం మూల వైపు చూసి, “ఆడ దొడ్డయ్యకు కట్టిన గొలుసు ఎవురూ ఇప్పలేదు. వానికి తెలిసింది అంతే” అన్నాడు.

వనిత గోడకు ఆనుకుని కూర్చుంది. నాయన తిట్టి ఉంటే బాగుండేది.

డాక్టరమ్మ వచ్చి ఇంజెక్షన్ వేసింది. ఆ బొచ్చు చలికే కాదు, ఎండ నుంచి చర్మాన్ని కాపాడటానికి కూడా అని చెప్పింది. ఉండలు కట్టినంత మేర తనే మెల్లగా తీద్దామనుకుందట. బొచ్చు పోయిన పక్కకు ఎండ తగలనివ్వొద్దంది. బయటికి వచ్చాక మాత్రం వనిత భుజం మీద చెయ్యి వేసి అసలు మాట చెప్పింది.

“ఎన్నాళ్ళని సూదులతో నడిపిస్తాం వనితా? వాడు తినాలి. తినకపోతే బతకడు.”

ఇక చూడండి, వనిత చేయని ప్రయత్నం లేదు. బెల్లం కలిపిన పాలు పెట్టింది. అమ్మను బతిమాలి వేటకూర ఎముక ఉడికించింది. పక్కన కూర్చుని తల నిమిరింది. తప్పయిపోయిందని చెవిలో చెప్పింది. ఆమె ఎంత దగ్గరకు పోతే వాడు గోడలోకి అంత ముడుచుకుపోయాడు. చివరికి కొట్టం గడప మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

అవ్వ చేటతో చెనక్కాయలు తెచ్చి పక్కన కూర్చుంది. వానలు పడేలోపు విత్తనాలకు కాయలు ఒలుచుకోవాలి, మూటలు అలాగే ఉన్నాయి.

“వాని కోసరం ఏడుస్తాండావా, నిన్ను చూడలేదని ఏడుస్తాండావా?” అని అడిగింది అవ్వ.

వనితకు కోపం వచ్చింది. ముఖం పక్కకు తిప్పుకుంది.

“సంతలో కొత్త గొర్రెను తెస్తే నేను దాని ఎంట పడతానా? ఆడనే కూచోని నా పని నేను చేసుకుంటా. ఈ ముసిల్ది కొరకదులే అని అదే తెలుసుకుంటాది” అని అవ్వ చేటను వనిత ఒళ్ళోకి తోసి లేచిపోయింది.

వనిత మాత్ర దాచిన ముద్దను పళ్ళెంలో పెట్టి కొట్టం మధ్యలో ఉంచింది. తను గడప దగ్గర వాడికి వీపు పెట్టి కూర్చుంది. కాయలు ఒలవడం మొదలుపెట్టింది. చూడకుండా ఉండటమంటే ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. దోమ కుట్టిన చోట గోక్కోకుండా ఉండటం కూడా అంత కష్టం కాదు.

మొదటి పూట ముద్ద అలాగే ఎండిపోయింది. మర్నాడూ అంతే. డాక్టరమ్మ మళ్ళీ సూది వేసి, ఇలాగే అయితే హిందూపురం తీసుకుపోయి సెలైన్ పెట్టాల్సి వస్తుందని, అక్కడ బోనులోనే ఉంచాలని చెప్పింది. బోను అనగానే వనితకు వాడి మెడ మీది గొలుసు పుండు గుర్తొచ్చింది. అయినా వాడి దగ్గరకు పరిగెత్తలేదు. బడి నుంచి రాగానే చేట పట్టుకుని గడప దగ్గరే కూర్చుంది.

ఆ సాయంత్రం వెనకాల గడ్డి కదిలిన చప్పుడైంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత చప్ చప్ మని నాకుతున్న శబ్దం. వనిత మెడ దానంతట అదే తిరగబోయింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది. ఆ తొందరలో పప్పులు పొట్టులోకి, పొట్టు చేటలోకి వేస్తూ పోయింది. శబ్దం ఆగాక చాలాసేపు కూర్చుని, అప్పుడు తిరిగి చూసింది. పళ్ళెం ఖాళీ. దొడ్డయ్య మూలలోనే ఉన్నాడు గానీ ముఖం గోడ వైపు లేదు. వనిత ఇంట్లోకి పోయి అవ్వ చీరలో ముఖం దాచుకుని ఏడ్చింది. చేటలో పొట్టు చూసి అవ్వ తిట్టినా నవ్వుతూనే ఏడ్చింది.

జ్వరం దిగింది. నడక మెల్లగా వచ్చింది. దొడ్డయ్యను చూడటానికి వచ్చిన మంజు పడీ పడీ నవ్వింది. మరి నవ్వదా, ఈ పక్క నుంచి సింహం, ఆ పక్క నుంచి గొర్రె. ఇట్ల చేసిందెవరని అడిగితే వనిత తల దించుకోకుండా, నేనే అని చెప్పింది. ఎలా చేసిందో, తర్వాత ఏమైందో కూడా చెప్పింది. మంజు నవ్వు ఆపేసింది.

వానలు పడి, విత్తనాలు వేసే వేళకు బొచ్చు మళ్ళీ పెరిగింది. దొడ్డయ్య ఇప్పుడు వీధి చివరిదాకా నడుస్తున్నాడు. కీళ్ళకు మాత్ర మాత్రం రోజూ వేయాల్సిందే. అప్పుడు డాక్టరమ్మ ఫోన్ చేసింది. ధర్మవరంలో రైల్వే ఉద్యోగం చేసే ఇమ్మానుయేలు, ఆయన భార్య రాణి వాడిని పెంచుకుంటామన్నారట. వాళ్ళది పెద్ద కాంపౌండు ఇల్లు. ఇంతకు ముందు ఇలాంటి పెద్ద కుక్కనే ముసలిదయ్యేదాకా సాకారు.

వనితకు ఆ రాత్రి అన్నం సహించలేదు. మన దగ్గరే ఉండనీ నాయనా అని అడిగింది. మేత కోసం ఊరూరా తిరిగే గొర్రెలతో తను పోతే, అంత కుక్కకు రోజూ మందూ మాకూ ఎవరు చూస్తారని నాయన అన్నాడు. అది నిజమని వనితకూ తెలుసు.

ఆదివారం వాళ్ళు కారులో వచ్చారు. మంచివాళ్ళే. వెనక తలుపు తెరిచి, వాడు ఎక్కడానికి చెక్క పలక కూడా తెచ్చి ఆనించారు. దొడ్డయ్య పలక ముందుకు వచ్చి, బిగుసుకుని నిలబడిపోయాడు. ఎంత నెమ్మదైన కుక్కో అని ఇమ్మానుయేలు మురిసిపోయాడు. వీధిలో చూడటానికి వచ్చిన వాళ్ళలో ఎవరో, ఆలస్యమెందుకు, కాళ్ళు కట్టి నలుగురం ఎత్తేద్దామన్నారు. ఇంకెవరో తాడు కోసం కొట్టం వైపు కదిలారు.

వనిత దొడ్డయ్యకు, వాళ్ళకు మధ్యకు వచ్చి నిలబడింది.

“అది నెమ్మది కాదు సార్, భయం. కట్టొద్దు. ఎత్తొద్దు. ఈ పొద్దు మీరు ఊరికే పోండి. మళ్లా రాండి. తలుపు తీసిపెట్టి ఈడ కూచోండి. వాడు ఎక్కినప్పుడే ఎక్కుతాడు.”

వాడు పోకూడదన్న పిల్లే ఆ మాట అంటుంటే నాయన ఆశ్చర్యపోయాడు. ఇమ్మానుయేలు గడియారం చూసుకున్నాడు. రాణి మాత్రం, ఎక్కడ కూర్చోవాలో చూపించమ్మా అంది.

తర్వాత ప్రతి ఆదివారం వాళ్ళు వచ్చారు. కారు తలుపు తెరిచిపెట్టి అరుగు మీద కూర్చునేవాళ్ళు. అవ్వ ఇచ్చిన మజ్జిగ తాగి, అవ్వ చెప్పే గొర్రెల ముచ్చట్లన్నీ వినేవాళ్ళు. దొడ్డయ్య మొదట దూరం నుంచి చూశాడు. తర్వాత వాళ్ళ చెప్పులు వాసన చూశాడు. ఇంకో వారం రాణి కాళ్ళ దగ్గర పడుకుని గురక పెట్టాడు.

ఒక ఆదివారం వాడే లేచి పలక మీద ముందు కాళ్ళు పెట్టాడు. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి గుమ్మంలో ఉన్న వనితను చూశాడు. ఒక్కసారి పిలిస్తే దిగి వచ్చేస్తాడు. ఆ సంగతి అందరికీ తెలుసు, అందరూ ఆమె వైపే చూస్తున్నారు. పేరు గొంతు దాకా వచ్చింది. వనిత మింగేసింది. పలక కిర్రుమంది. దొడ్డయ్య ఒక్కో అడుగే వేస్తూ కారులోకి ఎక్కి, నిట్టూర్చి పడుకున్నాడు.

వనిత అప్పుడు లోపలికి వెళ్ళి, మాత్ర దాచిన ముద్దను పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. వాడి పక్క సీట్లో కూర్చున్న రాణికి అందించింది.

“చేత్తో పెట్టొద్దు ఆంటీ. కింద పెట్టి, మీరు కిటికీ బయటికి చూస్తా కూచోండి. తింటాడు.”

రాణి పళ్ళెం కింద పెట్టి కిటికీ వైపు తిరిగింది. వనిత కూడా ముఖం తిప్పుకుంది. కారు వీధి మలుపు తిరిగేదాకా అలాగే నిలబడి, తర్వాత కళ్ళు తుడుచుకుని ఇంట్లోకి నడిచింది.